మా వాడు డిఫెన్స్ ఆడతాడు

ఐస్ హాకీలో గోల్స్ కొట్టేవాళ్ళని లోకమంతా చూస్తుంది. మా వాడు కొట్టడు, కొట్టనివ్వడు. వాడి పనే అది. పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ హైవే మీద కారంత వేగంగా వస్తుంటే దానికి అడ్డంగా పడుకోవడం, ఎదుటి జట్టువాడు దూసుకొస్తుంటే భుజంతో గోడకేసి నొక్కిపెట్టడం, ఇదీ వాడి ఉద్యోగం. ఇంజనీర్ల ఇంట్లో పుట్టి ఇదేం పనమ్మా అని మీరు అడగొచ్చు. నేనే అడిగాను, చాలాసార్లు, నలుగురికీ వినపడేలా. ఇప్పుడు ఇంకెవరైనా అడిగితే మాత్రం ఊరుకోను.

డాలస్ పక్కన మేముండే ఇర్వింగ్‌లో, మా తెలుగువాళ్ళు తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లకి వెళ్ళినప్పుడల్లా ఒకావిడ పళ్ళెం పట్టుకుని నా పక్కకి చేరేది. "మీ వాడు ఈ సీజన్‌లో ఎన్ని గోల్స్ కొట్టాడండీ?" అని అడిగేది, ఏ సమాధానం వస్తుందో తెలిసే. ఓసారి ఒళ్ళు మండి, "మీ అబ్బాయి బ్యాంక్‌లో సెక్యూరిటీ చూస్తాడు కదండీ, ఈ ఏడాది ఎంతమంది దొంగల్ని పట్టుకున్నాడు?" అన్నాను. "అయ్యో, దొంగలు రాకుండా చూడటమేనండీ వాడి జాబ్," అంది. "మా వాడిదీ అదేనండీ," అన్నాను. ఆవిడ నాకు గోంగూర పప్పు వడ్డించి అవతల టేబుల్‌కి వెళ్ళిపోయింది.

ఇక్కడ హాకీకి మెట్లుంటాయి. పైమెట్టు మీద ఉన్నది టీవీలో వచ్చే పెద్ద లీగ్. దాని కింద ఒకటి, దాని కింద ఇంకొకటి. మా వాడు ఇరవై రెండేళ్ళప్పుడు జీతానికి ఆడటం మొదలుపెట్టి, ముప్ఫై రెండు వచ్చేదాకా ఆ కింది రెండు మెట్ల మీదే ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. వాడికి ఇల్లు లేదు, వాకిలి లేదు, పెద్దగా కోరికలూ లేవు. ఒక్కటే కోరిక. పైమెట్టు మీద ఒక్క ఆట ఆడాలి. ఒక్కటంటే ఒక్కటి. నేను చెప్పబోయేది ఆ ఒక్క ఆట సంగతే.

అసలు ఈ పిచ్చికి మూలం ఎండ. మేము అమెరికా వచ్చిన కొత్తలో ఆగస్టు నెలలో అపార్ట్‌మెంట్ ఏసీ చెడిపోయింది. ఆఫీసువాళ్ళు రేపొస్తాం, ఎల్లుండొస్తాం అంటూ తిప్పారు. బెజవాడ ఎండల్లో పుట్టి పెరిగినదాన్ని నేనే తట్టుకోలేకపోయాను, ఐదేళ్ళ పసివాడు ఏం తట్టుకుంటాడు? మా ఆయన సాయంత్రం పని నుంచి రాగానే మమ్మల్ని కార్లో వేసుకుని ఒక మాల్‌కి తీసుకెళ్ళేవారు. కొనడానికి కాదు, చల్లగా కూర్చోవడానికి. ఆ మాల్ నడిమధ్య ఐస్ రింక్ ఉంది. పిల్లలు జారుతూ ఉంటే మా వాడు అద్దానికి ముక్కు ఆనించి కన్నార్పకుండా చూసేవాడు. రెండు మూడు రోజులు చూసి, "అమ్మా, నేనూ," అన్నాడు. తర్వాత ఏసీ బాగుచేశారు గానీ వాడు మాత్రం ఇంట్లో కూర్చోనన్నాడు.

ఏడేళ్ళకి పిల్లల జట్టులో చేర్చాం. అక్కడ మా వాడొక్కడే మన పిల్లాడు. బూట్లు కట్టుకునే గదిలో బెంచీ మీద పిల్లలందరూ ఒక వైపు, మా వాడు ఒక వైపు, మధ్యలో ఇద్దరు కూర్చునేంత ఖాళీ. జోడీలుగా ఆడండి అని కోచ్ అంటే వీడికి జోడీ దొరికేది కాదు. అవతల అందరూ నవ్వుకుంటూ ఆడుతుంటే వీడు ఒక్కడే పక్‌ని గోడకి కొట్టుకుంటూ ఉండేవాడు. నేను అద్దం బయట నిలబడి పళ్ళు కొరుక్కునేదాన్ని. ఒకరోజు ఆగలేక ఆ కోచ్‌ని పట్టుకుని, నాకొచ్చిన ఇంగ్లీషు అంతా ఉపయోగించి కడిగేశాను. మా వాడు సిగ్గుపడిపోయి నెల రోజులు నన్ను రింక్‌కి రానివ్వలేదు. పోను పోను ఆ పిల్లలే స్నేహితులయ్యారు, మా ఇంటికొచ్చి దోసెలు తిన్నారు. వాళ్ళు మర్చిపోయారు, వీడూ మర్చిపోయాడు. నాకు మాత్రం ఆ బెంచీ మీది ఖాళీ కళ్ళ ముందు నుంచి పోలేదు.

నాకు ఈ ఆట గురించి ఏమీ తెలియదు. హాకీ సంచీ తెరిస్తే వచ్చే వాసన మాత్రం బాగా తెలుసు. ఆ వాసన పసిగట్టి పక్క అపార్ట్‌మెంట్‌వాళ్ళు చచ్చిన ఎలుక కోసం వెతికారు. ఓసారి ఉండబట్టలేక వాడి గ్లవ్స్‌ని సర్ఫ్‌లో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, బాల్కనీలో టెక్సాస్ ఎండకి ఆరేశాను. సాయంత్రానికి అవి అప్పడాల్లా అయ్యాయి, వేలు పెడితే విరిగేలా. వాటిని చూసి వాడు ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లో ఉంది. మా ఆయన ఆ రాత్రే కొత్తవి కొనుక్కొచ్చారు, నా వైపు చూడకుండా.

పదహారేళ్ళు వచ్చాయి. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. బాగా ఆడే పిల్లల్ని ఆ వయసులోనే చలి రాష్ట్రాలకి పంపిస్తారు. అక్కడ ముక్కూ మొహం తెలియని కుటుంబాల ఇళ్ళలో ఉండి, అక్కడే బడికి వెళుతూ, అక్కడి జట్టుకి ఆడతారు. మా వాడికి మిన్నెసోటా నుంచి పిలుపొచ్చింది. నేను ససేమిరా అన్నాను. "ఎవరింట్లోనో మన పిల్లాణ్ణి వదిలేస్తామా? మనకేం ఖర్మ?" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన నెమ్మదస్తుడు. "ఇంటర్‌కి నువ్వు గుంటూరు హాస్టల్‌లో ఉండలేదా? నీ వార్డెన్ నీకు తెలుసా?" అన్నారు. నేను ఇంకో రెండు రోజులు అరిచి ఊరుకున్నాను.

చివరికి మేమే మిన్నెసోటా వెళ్ళి దింపాం. వాడు ఉండబోయే ఇంటావిడ స్కూల్ బస్సు నడిపేది. మనిషి నాకంటే జానెడు పొడవు, గొంతు ఇంకా పెద్దది. నేను వాళ్ళ ఫ్రిజ్ తెరిచి చూశాను, మా వాడి పక్క మీద కూర్చుని చూశాను, కిటికీ గొళ్ళెం లాగి చూశాను. ఆవిడ నవ్వుతూ నా వెనకే తిరిగింది. వెళ్ళేటప్పుడు ఆవకాయ సీసా చేతిలో పెట్టి, ఇది వాడికోసం, రోజూ కొంచెమే అని చెప్పాను. వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసింది. వాళ్ళాయన దాన్ని జామ్ అనుకుని బ్రెడ్ నిండా రాసుకుని తిన్నాడట. "మూడు గంటలు మంచులో నిలబడ్డాడు, నోరు చల్లారడానికి," అంది. ఆ రోజు ఇద్దరం ఫోన్‌లో పడి పడి నవ్వాం. అప్పటినుంచీ ఆవిడ నాకు అక్కలాంటిది.

నాకు ఆట చూడటం నేర్పింది ఆవిడే. "గోల్ వైపు చూడకు. వాడి పాదాల్ని చూడు," అనేది. మంచి డిఫెన్స్ ఆటగాడు వెనక్కి జారుతూ, ఎదురొచ్చేవాడికి దారి ఉన్నట్టే చూపించి, చివర్లో మూసేస్తాడట. "ఏమీ జరగలేదనిపించిందంటే వాడు బాగా ఆడినట్టు," అనేది. అలా చూడటం మొదలుపెట్టాక నాకు నా కొడుకు కనిపించాడు. అప్పటిదాకా ఎవరెవరో గోల్స్ కొడుతుంటే చప్పట్లు కొట్టి ఇంటికొచ్చేదాన్ని. వాడు వెనక్కి జారుతుంటే ఎంత బాగుంటాడో మీకు చెప్పలేను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారేమో, అననివ్వండి.

కాలేజీ అయింది. డిగ్రీ చేతికొచ్చింది, జాబ్ చూసుకోమన్నాం. చూసుకున్నాడు, హాకీలోనే. అక్కణ్ణుంచి మొదలైంది ఊళ్ళ తిరుగుడు. మ్యాప్‌లో వేలు పెట్టి వెతుక్కోవాల్సిన ఊళ్ళు. రాత్రంతా బస్సులో పోవడం, సాయంత్రం ఆడటం, మళ్ళీ బస్సు. ముందు పళ్ళు రెండు ఒక ఊళ్ళో పోయాయి, ముక్కు ఇంకో ఊళ్ళో వంకర పోయింది. వీడియో కాల్‌లో బోసినోటితో నవ్వుతూ, "ఇట్స్ ఓకే అమ్మా, సూప్ తాగుతున్నా," అన్నాడు. నేను ఫోన్ మా ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఒక రోజు వాడి జట్టు వాణ్ణి వేరే జట్టుకి ఇచ్చేసింది. ట్రేడ్ అంటారు దాన్ని. ఈ ఆటగాణ్ణి మీరు తీసుకోండి, ఆ ఆటగాణ్ణి మాకివ్వండి అని. సరే, ఎవరికి బదులుగా ఇచ్చారురా అని అడిగాను. వాడు కాస్త నసిగి, "ఎవరికీ కాదమ్మా. ఫ్యూచర్ కన్సిడరేషన్స్ అంటారు. అంటే లేటర్ చూసుకుంటారు," అన్నాడు. నాకు తల తిరిగిపోయింది. తర్వాత చూసుకుందాం అనే మాటకి నా కొడుకుని ఇచ్చేశారా! రైతుబజారులో కాకరకాయకి కూడా ఒక ధర ఉంటుందే! "ఆ మేనేజర్ నంబరివ్వు," అన్నాను. "అమ్మా, ప్లీజ్ అమ్మా," అని వాడు. నవ్వుతున్నాడు వెధవ. నేను మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

అలా వాడు తిరగని జట్టు లేదు. ప్రతి జట్టులోనూ కుర్రాళ్ళు వస్తారు, వాడి పక్కన ఆడతారు, వాడి దగ్గర నేర్చుకుంటారు, పైమెట్టుకి వెళ్ళిపోతారు. వాళ్ళు పైన మొదటి ఆట ఆడిన రోజున వీడు టీవీ ముందు కూర్చుని చూసి, వాళ్ళకి మెసేజ్ పెట్టేవాడు. అసూయ లేదా నీకు అని అడిగాను ఒకసారి. "ఉంది. కానీ వాడు బాగా ఆడాడమ్మా," అన్నాడు. నా కడుపున పుట్టినవాడికి ఇంత మంచితనం ఎక్కడిదో నాకు అర్థం కాదు. నాది కాదు, వాళ్ళ నాన్నది అయ్యుంటుంది.

పైనుంచి పిలుపు అసలు రాలేదని కాదు. పైన ఎవరికైనా దెబ్బ తగిలితే కింది నుంచి ఒకణ్ణి రమ్మంటారు, ఎందుకైనా మంచిదని. మొదటిసారి పిలుపొచ్చినప్పుడు మా ఆయన వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టేశారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను గుడికి కూడా వెళ్ళి అందరికీ చెప్పొచ్చాను. ఇద్దరం ఫ్లైట్ ఎక్కాం. ఆటకి అరగంట ముందు కాసేపు రెండు జట్లూ ఐస్ మీదకొచ్చి ఒళ్ళు వేడి చేసుకుంటాయి. అందరితో పాటు గుంపులో మా వాడూ వచ్చాడు. ఆ పెద్ద జట్టు చొక్కాలో వాణ్ణి చూసి ఫోటోల మీద ఫోటోలు తీశాం. తర్వాత ఆట మొదలైంది, మా వాడు లేడు. చూస్తే, పైన విలేకరులు కూర్చునే చోట సూటు వేసుకుని పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు. ఆడేవాళ్ళు సరిపోతే మిగిలినవాడు సూటు వేసుకుని పైకెళ్ళి కూర్చోవాలట.

నోటికాడి కూడు లాక్కున్నట్టయింది. తర్వాత కూడా పిలిచారు, మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ అలాగే గుంపులో వచ్చాడు, మళ్ళీ పైకెళ్ళి కూర్చున్నాడు. ఎన్నిసార్లని చెప్పను! తిరిగొచ్చాక పాట్‌లక్‌లో "ఆడాడా అండీ?" అని అడిగేవాళ్ళు. చివరికి మేము వెళ్ళడం మానేశాం. ఎవరికీ చెప్పడమూ మానేశాం. వార్మప్‌లో ఉన్నంత మాత్రాన ఆడతాడని లేదు, ఆ సంగతి మాకు బాగా తలకెక్కింది.

పోయిన సీజన్ మొదట్లో వాడు ఫోన్ చేసి, మోకాలు ఇంక సహకరించట్లేదని, ఈ ఏడాదితో ఆపేస్తానని చెప్పాడు. ఇన్నేళ్ళూ ఆపరా నాయనా అని పోరిన నేను, ఆ మాట వినగానే, "ఇంకో ఏడాది చూడరాదూ," అన్నాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. వాడు నవ్వి, "టూ లేట్ అమ్మా," అన్నాడు. అంటే ఆ ఒక్క ఆట ఈ చలికాలంలో రావాలి, లేదా ఇంక రాదు. ఆ రోజు నుంచీ నేను వెంకటేశ్వరస్వామిని అడిగినదొక్కటే. గోల్ వద్దు, గెలుపు వద్దు, వాణ్ణి ఐస్ మీదకి దించు స్వామీ అని.

మార్చిలో పిలుపొచ్చింది. పైజట్టులో ఇద్దరికి దెబ్బలు, ఒకడికి జ్వరం. ఆట ఎక్కడో కాదు, ఇక్కడే, మా ఊరి జట్టు మీద. ఇంటి నుంచి ఇరవై నిమిషాల డ్రైవ్. ఆట రోజు తెల్లారేసరికే వాడు ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేశాడు.

"అమ్మా, రండి. బట్ ఎవరికీ చెప్పొద్దు. జ్వరం ఉన్నవాడు ఇవాళ బెటర్‌గా ఉన్నాడు. వాడు ఆడితే నేను ఆడను."

"ఎప్పుడు తెలుస్తుందిరా?"

"లాస్ట్ మినిట్‌లో చెప్తారు. హోప్స్ పెట్టుకోకు, ఓకేనా?"

"నాకేం హోప్స్. చల్లగా ఉంటుందని వస్తాం," అన్నాను.

మిన్నెసోటా ఆవిడకి మాత్రం చెప్పాను. ఆవిడ పరాయిది కాదుగా. బస్సు డ్యూటీ ఎవరికో అప్పజెప్పి, మధ్యాహ్నానికి డాలస్‌లో దిగింది. నేను ఆ పూట పులిహోర చేశాను, ముగ్గురం ఎవరమూ తినలేకపోయాం. మా ఆయన గేరేజ్‌లోంచి కారు తీస్తూ, "ఎవరికీ చెప్పలేదుగా?" అని నన్నే అడిగారు, ఆ వాట్సాప్ మనిషి!

లోపలికెళ్ళాక వార్మప్ చూడటానికి మమ్మల్ని కింద అద్దం దాకా వెళ్ళనిచ్చారు. చుట్టూ అంతా మా ఊరి జట్టు చొక్కాలే. మా ఆయన పైన సీట్ల దగ్గరే ఉండిపోయారు, గుండె దడగా ఉందని. నేనూ మిన్నెసోటా ఆవిడా అద్దానికి ఆనుకుని నిలబడ్డాం. మా వాడి జట్టువాళ్ళు వచ్చే సొరంగంలాంటి దారి మాకు బాగా కనిపిస్తోంది. గుంపులో వస్తాడు, చూసి చెయ్యూపుదాం, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాను.

తలుపు తెరిచారు. మా వాడు ముందొచ్చాడు. ఐస్ మీద కాలు పెట్టాడు, జారుకుంటూ ముందుకెళ్ళాడు. వెనక ఎవరూ రాలేదు.

నేను సొరంగం వైపు చూశాను. జట్టు జట్టంతా అక్కడే ఉంది. తలుపు దగ్గర స్టిక్‌లు పట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు పడుతూ నవ్వుతున్నారు. ఒక్కడూ కదలట్లేదు. అంత పెద్ద ఐస్ మీద, అన్ని వేలమంది ముందు, నా కొడుకు ఒక్కడే తిరుగుతున్నాడు. ఒక మలుపు తిరిగాడు. ఎవరూ రాలేదు. రెండో వైపు చేరాడు. ఎవరూ రాలేదు. కింది మెట్టు నుంచి వచ్చినవాడని, వయసైపోయినవాడని, మాతో సమానమా అని నా బిడ్డని వెలివేశారు అనుకున్నాను. పంక్తిలో అందరూ లేచి వెళ్ళిపోయి ఒక్కణ్ణే కూర్చోబెట్టినట్టు అనిపించింది. ముప్ఫై రెండేళ్ళవాడు కాదు, బెంచీ చివర కూర్చున్న ఏడేళ్ళవాడే కనిపించాడు నాకు.

ఇంక ఆగలేదు. రెండు చేతులతో అద్దాన్ని దబదబా బాదాను. "ఏరా, సిగ్గు లేదట్రా మీకు! మీకూ అమ్మలున్నారా లేదా! నవ్వుతారేంట్రా, రండిరా బయటికి! వాడు మీకంటే ఏం తక్కువరా!" అని గొంతు చించుకుని అరిచాను. తెలుగులోనే. నాకు ఇంగ్లీషు ఎక్కడ గుర్తొస్తుంది ఆ క్షణాన? చుట్టూ ఉన్న జనం నా వైపు తిరిగారు. సొరంగంలో ఒకడు నన్ను చూసి పక్కవాడికి చూపించాడు. దాంతో ఇంకా మండింది. "చూస్తావేంట్రా, నీకే చెప్పేది!" అన్నాను.

మిన్నెసోటా ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. చూస్తే ఏడుస్తోంది. నాకు ధైర్యం వచ్చింది, ఈవిడకీ కోపం వచ్చింది, ఇద్దరం కలిసి తిడదాం అనుకున్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపుతూ, ఏడుస్తూ, నవ్వుతూ, "కాదు, కాదు, నువ్వు అనుకుంటున్నది కాదు. పెద్ద లీగ్‌లో మొదటి ఆట ఆడబోయేవాణ్ణి ఇలా ఒంటరిగా పంపిస్తారు. అది మర్యాద. వాడికి ఒక్కడికే ఐస్ మొత్తం ఇస్తారు. ఆడనివాడికి ఇలా చెయ్యరు," అంది.

నాకు ఇంగ్లీషు అర్థం కాక కాదు. బుర్రకెక్కలేదు.

"అంటే?" అన్నాను.

"ఆడుతున్నాడు. ఇవాళ మన వాడు ఆడుతున్నాడు!" అంది, నన్ను పట్టుకుని ఊపేస్తూ.

అప్పుడు మళ్ళీ చూశాను. సొరంగంలోని ఆ కుర్రాళ్ళు నవ్వుతున్నది వెటకారంగా కాదు. స్టిక్‌లతో నేలని టపటపా కొడుతున్నారు. వాళ్ళలో సగం మంది కింది మెట్టు మీద వీడి పక్కన ఆడి పైకెళ్ళినవాళ్ళే. వీడి కోసం ఆగి ఉన్నారు. వీడు నా కళ్ళ ముందు నుంచే వెళ్ళాడు. నా అరుపులు విన్నాడు, ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. పెదవులు బిగపట్టి నవ్వు ఆపుకుంటున్నాడు, కళ్ళలో మాత్రం నీళ్ళు. నా కొడుకు ఎంత అందంగా జారుతున్నాడో, అంత పెద్ద ఐస్ మీద అడ్డం వచ్చేవాడు లేకుండా, ఏదీ ఆపక్కర్లేకుండా! ఆ పదేళ్ళ బస్సులూ ఆ పళ్ళూ ఆ ముక్కూ అన్నీ ఆ ఒక్క చుట్టు కోసమే అయినా నాకు అభ్యంతరం లేదు అనిపించింది.

పక్కన మా ఊరి జట్టు చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన, ఇందాకటి నా అరుపులకి బెదిరిపోయినవాడు, "ఏమైందమ్మా?" అన్నట్టు అడిగాడు. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నదాన్ని, ఆయన చెయ్యి పట్టుకుని చెప్పేశాను. "వాడు నా కొడుకు. ఇవాళ ఆడుతున్నాడు." ఆయన టోపీ తీసి గుండెకి పెట్టుకున్నాడు.

ఆట గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మా వాడి జట్టు ఓడిపోయింది. వాడికి దొరికిన సమయం కొంచెమే. ఆ కొంచెంలో వెనక్కి జారాడు, దారి చూపించాడు, మూసేశాడు. వాడు ఐస్ మీద ఉన్నంతసేపూ ఏమీ జరగలేదు, దేవుడి దయవల్ల. చివరి భాగంలో మా ఊరివాడొకడు పక్‌ని బలంగా కొడితే వీడు అడ్డంగా పడ్డాడు. అది పాదానికి తగిలింది. చప్పుడు మా సీట్ల దాకా వినపడింది. లేచాడు. ఒంటికాలి మీదే నిలబడి, రెండోసారి కొట్టిన దాన్ని కూడా ఆపి, అప్పుడు బెంచీకి వెళ్ళాడు. మా ఆయన లేచి నిలబడి, తన జన్మలో మొదటిసారి ఈల వేశారు. తర్వాత తెలిసింది, పాదంలో ఎముక చిట్లిందని. వాడి మొదటి ఆటా అదే, చివరి ఆటా అదే.

ఆట అయ్యాక ఇంటివాళ్ళు కలుసుకోవడానికి కింద ఒక వరండా ఉంటుంది. ముగ్గురం అక్కడ నిలబడ్డాం. ఒక్కొక్కళ్ళే బయటికొస్తున్నారు. నేను తిట్టిన కుర్రాడే నన్ను చూసి ఆగి, తల వంచి, "మేడమ్," అని మర్యాదగా వెళ్ళాడు. ఏం మొహం పెట్టుకోవాలో తెలియక నేను గోడ వైపు చూశాను. అందరికంటే చివర మా వాడొచ్చాడు, తడి జుట్టుతో, గోడ పట్టుకుని కుంటుతూ.

"అమ్మా, వాళ్ళంతా అడిగారు, మీ మామ్ ఏమంటోంది అని."

"ఏం చెప్పావు?"

"బ్లెస్ చేస్తోంది అన్నా."

మిన్నెసోటా ఆవిడ వాణ్ణి కావలించుకుంది. మా ఆయన భుజం తట్టారు. నేను వాడి ముఖం చూస్తున్నాను. ఈ వృత్తిలో నొప్పి అనకూడదు. అన్నావా, నీ చోటు రేపు ఇంకొకడిది. పళ్ళు పోయినా ముక్కు విరిగినా వాడు నాకు ఓకే అమ్మా, ఐయామ్ ఫైన్ అమ్మా అనే చెప్పాడు. నిజంగానే నొప్పి తెలియదేమో వీడికి అనుకునేంతగా నన్ను నమ్మించాడు. నేనిప్పుడు ఎలా ఉందిరా అని కూడా అడగలేదు. వాడే నా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా నా మీద మోపి, నవ్వుతూనే, చిన్నప్పుడు అన్నట్టు అన్నాడు.

"అమ్మా, చాలా నొప్పిగా ఉంది."

ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఇంత గర్వం ఒక మనిషి ఒంట్లో ఎలా పడుతుందో తెలియలేదు. పెద్ద లీగ్ ఆటగాళ్ళూ వాళ్ళ భార్యలూ చూస్తుండగా ఆ వరండాలోనే నేల మీద చతికిలబడి, వాడి పాదాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఎక్కడరా?" అన్నాను.

చూపించాడు.